తీసిన చీటీ మళ్లీ డబ్బాలోకే

నాంపల్లి, హైదరాబాదు
బుధవారం

ప్రియమైన అక్కకు,

నీ తమ్ముడు యేసుదాసు ప్రభువు పేరట వందనాలు చెప్పి రాసే సంగతులు. ఇక్కడ నేనూ సుగుణా ఒంట్లో బాగానే ఉన్నాము. మా పిల్లవాడు సాము ఉన్నట్టే ఉన్నాడు. నీ మోకాళ్ళ నొప్పి ఎట్లా ఉంది? బావ దగ్గు తగ్గిందా? పోయిన ఉత్తరంలో నువ్వు నీ దగ్గరున్న మా రూతుతో సహా అందరి సంగతీ రాశావు, నీ సంగతి రాయలేదు.

ఈ ఉత్తరం ఇంటికి కాకుండా నువ్వు పనిచేసే హాస్టలు చిరునామాకు పంపుతున్నాను. నువ్వు ఒక్కదానివే చదువు. ఎప్పటిలా బావ చేతికిచ్చి అందరి ముందూ గట్టిగా చదివించకు. ఎందుకో చదువుతూ పోతే నీకే తెలుస్తుంది. ఇప్పటికైతే కంగారు పడవలసింది లేదు.

ఇక్కడ చలి ఇంకా పోలేదు. పొద్దున్నే స్టేషన్ వైపు నుంచి ఇంజన్ల పొగ మంచులో కలిసి మా గల్లీలోకి దిగుతుంది. అది పైకి లేచేదాకా ఎదురింటి తలుపు కూడా కనబడదు. నుమాయిష్ ప్రదర్శన నడుస్తోంది కాబట్టి సాయంత్రం వీధి నిండా జనం. మా గదిలో నుంచి రంగుల రాట్నం పైభాగం మాత్రం కనబడుతుంది. దీపాలు పైకి వస్తాయి, కిందికి పోతాయి. సాము మొహం అటు తిప్పి కూర్చోబెడతాము. చూస్తున్నాడో లేదో తెలియదు.

ఆబిడ్స్‌లో నా పని బాగానే ఉంది. పెళ్ళిళ్ళ రోజులు దగ్గర పడుతున్నాయి, పాత చీరలకు కొత్త రంగులు వేయించుకునే వాళ్ళతో దుకాణం ఖాళీ ఉండటం లేదు. నేను కౌంటర్ దగ్గర బట్టలు తీసుకోవడం, రాసుకోవడం, సాయంత్రానికి ఆ రోజు లెక్క సేటుకు అప్పజెప్పడం. వెనుక షెడ్డులో రంగులు కలిపేది యాకూబ్ భాయ్. ముసలివాడు, మంచివాడు. మధ్యాహ్నం నా డబ్బాలో జొన్నరొట్టె చూసి, పట్నం వచ్చి కూడా ఇదేనా అని నవ్వుతాడు. తన డబ్బాలోని ఖట్టీ దాల్ నాకు పోసి, నా రొట్టె సగం తుంచుకుపోతాడు. అన్నం వేళ మాట్లాడే మనిషి ఒకడు ఉన్నాడు, అది చాలు. మిగతా వేళ నేను ఎవరితోనూ ఎక్కువ మాట్లాడను, నీకు తెలుసు కదా.

నీ ఉత్తరం మొన్న అందింది. అప్పుడు సుగుణ సామును ఒళ్ళో పెట్టుకుని గంజి తాగిస్తోంది. ఆమె చేతులు ఖాళీ ఉండవు కాబట్టి నీ ఉత్తరాలు నేనే చదివి వినిపిస్తాను. ఒకచోట నువ్వు ఇట్లా రాశావు: "నలుగుర్ల ఒకరికి వస్తదని డాక్టరమ్మ చెప్పిందంటివి గద. ఆ ఒకటి సాముకు వచ్చిపాయె. మన చీటీ లెక్కనే, ఎత్తుకున్నోళ్ల పేరు మళ్ల డబ్బల ఎయ్యరు. రూతు ఫికరు నీకు వద్దు." ఆ మాట సుగుణ రెండుసార్లు చదివించుకుంది. చెంచా పక్కన పెట్టి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "మా అమ్మకు ఉన్న తెలివి మనకు లేకపాయె మామా" అంది. చాలా రోజుల తర్వాత ఆమె నవ్వడం చూశాను.

దాని తర్వాత రెండు వాక్యాలు నేను చదవలేదు. నోటికొచ్చినట్టు ఏదో కలిపి, బావ అడిగినట్టు చెప్పమన్నాడని చదివాను.

రూతు గురించిన ఆ రెండు వాక్యాలు నీకు గుర్తుండే ఉంటాయి. "నీ బిడ్డ పట్నం దొరసాని అయింది. మడిమలు నేలకు ఆనియ్యదు, ఎత్తు జోళ్లు తొడుక్కున్నట్టు మునివేళ్ల మీద నడుస్తుంటే హాస్టలు పోరలంత దాని ఎనక వరసగ గట్లనే నడిచి ఒక్కటే నవ్వుడు."

అక్కా, సాము కూడా అట్లాగే నడిచాడు. వికారాబాదులోనే, మన వాకిట్లోనే. వాడికి అప్పుడు ఇప్పటి రూతు వయసే. బావ వాణ్ణి కోడిపుంజు అని పిలిచేవాడు. ఆ తర్వాత మూడు నాలుగు నెలలకు గడప దాటేటప్పుడు పడటం మొదలుపెట్టాడు. అప్పుడు కూడా మనం గడప ఎత్తుగా ఉందని వడ్రంగిని పిలిపించాము.

కంగారు పడకు. పిల్లలు ఆటకు కూడా అట్లా నడుస్తారు. ఎవరినో చూసి నేర్చుకుని ఉండవచ్చు. ఇది నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను, నీకూ చెబుతున్నాను.

దవాఖానలో డాక్టరమ్మ చెప్పిన మాటలు ఇదివరకు నీకు సగమే రాశాను. మిగతా సగం రాయడానికి చేయి రాలేదు. ఇప్పుడు మొత్తం రాస్తున్నాను.

ఆమె గుంటూరు వైపు మనిషి. చిన్న వయసే. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం గొడవలు చల్లారాక ఇక్కడికి బదిలీ మీద వచ్చిందట. మన మాట ఆమెకు, ఆమె మాట మనకు మొదట్లో ఒక పట్టాన అర్థం కాలేదు. మొదటి రోజు కాగితం ముందు పెట్టుకుని, "మీ ఆవిడ మీకేమవుతుందండీ?" అని అడిగింది. నేను, నా భార్య అని చెప్పాను. పక్కనున్న నర్సు నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. డాక్టరమ్మ నవ్వకుండా, "అది తెలుసులెండి. పెళ్ళికి ముందు?" అంది. మా అక్క బిడ్డ అన్నాను. అప్పుడు ఆమె ఒక చదరం, ఒక సున్నా గీసి, రెంటినీ కలుపుతూ ఒక గీతకు బదులు రెండు గీతలు గీసింది, చుట్టాల మధ్య పెళ్ళికి అదే గుర్తట. మా అమ్మా నాయనా కూడా చుట్టాలేనా అని అడిగింది. నాయన అమ్మకు మేనబావ అని చెప్పాను. అక్కడా రెండు గీతలు పడ్డాయి. ఆ బొమ్మలో మిగతా ఇళ్ళవాళ్ళ గీతలు పక్కలకు పోతాయట. మనవి మాత్రం తిరిగి తిరిగి మన దగ్గరికే వచ్చాయి.

ఇందులో నీ తప్పు గాని, నా తప్పు గాని, సుగుణ తప్పు గాని లేదని ఆమె చాలాసార్లు చెప్పింది. నువ్వు నీ బిడ్డను నాకు ఇచ్చింది బయటి వాళ్ళ చేతిలో కష్టపడకూడదని. అది నాకు తెలుసు. నువ్వు నా అక్కవు, అత్తవు కూడా, కానీ ఇన్నేళ్ళలో ఒక్కరోజూ అత్తగా మాట్లాడలేదు. ఈ మాట గట్టిగా రాస్తున్నాను, ఎందుకంటే ఇది చదివాక నువ్వు నిన్నే తిట్టుకుంటావని నాకు భయం.

సాము జబ్బు సంగతి ఇది. మెదడులోనూ నరాల మీదా కొవ్వు లాంటి తెల్లటి పొర ఒకటి ఉంటుందట. ఆ పొర ఉంటేనే మెదడు చెప్పిన మాట కాలికి చేరుతుంది. ఒంట్లో రోజూ పుట్టే ఒక రకం మడ్డిని కరిగించే సరుకు మనందరి ఒంట్లోనూ ఉంటుంది. సాము ఒంట్లో అది పుట్టుకతోనే లేదు. మడ్డి పేరుకుపోయి పొర ఊడిపోతోంది. ముందు కాళ్ళు, తర్వాత చేతులు, మాట, మింగడం. ఆ వరసలోనే వస్తుందని ఆమె చెప్పింది, ఆ వరసలోనే వస్తోంది.

వాడి చీలమండ దగ్గర చిన్న నరం ముక్క తీశారని రాశాను కదా. దానికి రంగు వేసి అద్దాల గొట్టం కింద పెట్టి నన్నూ చూడమన్నది. నీలం రంగు వేశారట. చుట్టూ నీలంగానే ఉంది. నడుమ నడుమ గోధుమ రంగు చుక్కలు. వేసిన రంగు ఒకటే, అక్కడక్కడ మాత్రం వేరే రంగుగా తేలింది. జబ్బుకు గుర్తు అదేనట. సాయంత్రం దుకాణంలో యాకూబ్ భాయ్‌ని ఊరికే అడిగాను, నీలంలో ముంచిన బట్ట మీద గోధుమ మరకలు తేలితే ఏమిటని. ఆయన తొట్టిలో నుంచి తల ఎత్తకుండానే చెప్పాడు. "రంగుది కసూర్ కాదు దాసూ. బట్టలనే మొదటి సంది ఏందో ఉన్నది. రంగు దాన్ని చూపిస్తది గంతే."

ఎవరి బట్ట అని ఆయన అడగలేదు.

ఇక మూలుగ సంగతి. సుగుణ నీకు చెప్పి పంపిన మాటలు విని నువ్వు కూడా ఆశ పెట్టుకున్నావు కాబట్టి దీన్ని సరిగ్గా రాయాలి. రక్తం సరిగా తయారుకాని పిల్లలకు పరదేశాల్లో తోబుట్టువు ఎముకలోని మూలుగ తీసి, రక్తం ఎక్కించినట్టు నరంలోకి ఎక్కిస్తున్నారట. అది తనంతట తానే వెతుక్కుంటూ పోయి ఎముకల్లో కుదురుకుంటుందట. బాగున్న బిడ్డ మూలుగతో పాటు, సాము లాంటి వాళ్ళలో లేని ఆ సరుకు కూడా వస్తుందేమోనని కొందరు ఆలోచిస్తున్నారట. డాక్టరమ్మ ఆ మాట చెప్పిన వెంటనే, "ఈ జబ్బుకి ఇంకా ఎవరూ చేసినట్టు నేను చదవలేదండీ. ఆలోచన మాత్రమే" అని కూడా చెప్పింది. సుగుణ మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. తోబుట్టువు అన్నది ఆమె చెవిలో పడింది, మిగతాది పడలేదు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో రూతు పేరు రోజూ వినబడుతుంది. గల్లీలో అందరికీ చెప్పింది. పక్కింటి చాంద్ బీకి మూలుగ ఎక్కించడమంటే ఏమర్థమైందో ఏమో, ఆదివారం గిన్నె నిండా నల్లి బొక్కల పాయా పులుసు పట్టుకుని వచ్చింది. "మూలుగనే కావాలన్నరంట గదా, మాకు చెప్పొద్దా? నాంపల్లిల బొక్కలకు కమీ ఉన్నదా?" అని సుగుణను కోప్పడింది. బొక్క తట్టి తట్టి మూలుగ రాల్చి వేలితో సాము నాలుక మీద పెట్టింది. వాడు చప్పరించాడు. అందరం సంతోషపడ్డాము. రెండోసారి పెట్టేసరికి పొలమారి మొహం నల్లబడింది. నేను బోర్లా పట్టుకుని వీపు తట్టాను. తేరుకున్నాడు. ఇప్పుడు బాగానే ఉన్నాడు. చాంద్ బీ ఆ రోజంతా మా గుమ్మంలోనే కూర్చుంది, ఇంటికి పోలేదు.

నీ ఉత్తరం చదివిన మర్నాడు దుకాణంలో ఒక పూట సెలవు అడిగి డాక్టరమ్మ దగ్గరికి ఒక్కణ్ణే వెళ్ళాను. చాలామంది ఉన్నారు. నా వంతు వచ్చాక, మాది చీటీల లెక్క అనుకున్నామమ్మా, ఒకసారి ఎత్తుకున్న వాళ్ళ పేరు మళ్ళీ రాదు కదా అని అడిగాను. ఆమెకు వెంటనే అర్థం కాలేదు. నెలనెలా నువ్వు చర్చి ఆడవాళ్ళతో నడిపే చీటీ సంగతి చెప్పాను. పేర్లన్నీ పాలడబ్బాలో వేయడం, చిన్నపిల్ల చేత ఒకటి తీయించడం, తీసిన పేరు పక్కన పెట్టేయడం. ఈ నెల రూతు చేత తీయించావని కూడా రాశావు కదా, అదీ చెప్పాను.

ఆమె కలం కింద పెట్టింది.

"అలా కాదండీ. ఈ డబ్బాలో తీసిన చీటీ మళ్ళీ డబ్బాలోకే పోతుంది. ప్రతి బిడ్డకీ నాలుగు చీటీలూ ఉంటాయి, అందులో ఒకటి జబ్బుది. అన్న తీశాడని చెల్లెలికి తగ్గవు."

"రూతు ఇంక తియ్యలేదు గదమ్మా" అన్నాను. ఏ లెక్కన అన్నానో నాకే తెలియదు.

"తీసేసిందండీ. పుట్టకముందే. మనం విప్పి చూడలేదంతే."

అప్పుడు మునివేళ్ళ సంగతి చెప్పాను. ఆమె నవ్వలేదు, భయపెట్టనూ లేదు. పిల్లను తీసుకురమ్మన్నది. నడిపించి చూడాలి, మోకాళ్ళ కింద తట్టి చూడాలి, పొద్దుటి మూత్రం చూడాలి అన్నది. మూలుగ సంగతి కూడా నేనే అడిగాను. రూతు బాగుంటేనే ఇవ్వగలదట. బాగుండి ఇచ్చినా సాము ఇంతదూరం వచ్చాక ఊడిపోయిన పొర తిరిగి రాదని తన అభిప్రాయమట. అట్లాంటి వైద్యం ఎప్పటికైనా వస్తే, జబ్బు పైకి తేలకముందే చేయాలి అన్నది. ఎప్పటికైనా అంటే ఎంత కాలమమ్మా అని అడిగాను. "మన పిల్లల కాలానికి అని చెప్పలేనండీ" అంది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సు ఎక్కలేదు. నడిచాను. దారి పొడుగునా ఆడవాళ్ళ పాదాలు, పిల్లల పాదాలు చూస్తూ నడిచాను. అందరి మడిమలూ ముందు ఆనుతున్నాయి. ఇంతకు ముందు ఈ సంగతి ఎప్పుడూ గమనించలేదు.

ఇంటికి వచ్చేసరికి సుగుణ గుమ్మంలోనే ఉంది. "ఏమన్నది మామా?" అని అడిగింది. డాక్టరమ్మ వేరే రోగులతో ఉంది, మళ్ళీ రమ్మన్నదని చెప్పాను. సుగుణ నమ్మింది. ఆమెకు చెప్పకూడదని కాదు అక్కా. ఆమెకు రోజంతా సామును ఎత్తడానికి ఒక బలం కావాలి. ఆ బలం పేరు ఇప్పుడు రూతు. నిజం ఏమిటో తెలియకముందే దాన్ని ఆమె చేతుల్లో నుంచి లాగేయలేను.

కాబట్టి ఇదే నా కోరిక. ఈ శనివారం పొద్దున వచ్చే పాసింజరుకు రూతును తీసుకుని రా. హాస్టలులో సెలవు దొరకకపోతే నాకు జ్వరమని చెప్పు. ఆ అబద్ధం నా మీద ఉండనీ. రూతుకు నుమాయిష్ చూపించడానికని బావతో చెప్పు. సుగుణకు కూడా అదే చెబుతాను, నువ్వు వచ్చే సంగతి ఆమెకు ముందు రోజే చెబుతాను.

ఈ రెండు రోజులూ పిల్లను పరీక్షగా చూడకు. మడిమ ఆనించి నడువు అని చెప్పకు. చెబితే నీ మాట కోసం ఆనిస్తుంది, మనకు నిజం తెలియదు. హాస్టలు పిల్లలను మాత్రం దాని వెనుక అట్లా నడవనీయకు. వాళ్ళ మీద కోపంతో కాదు. ఎందుకో నాకు ఆ వరస కళ్ళ ముందు నుంచి పోవడం లేదు.

బండి దిగేటప్పుడు మెట్టు ఎత్తుగా ఉంటుంది, అక్కడ మాత్రం ఎత్తి దింపు. తర్వాత వదిలెయ్యి. చేయి పట్టుకోకు, చంకన వేసుకోకు. జోళ్ళు విప్పించు. నేను ప్లాట్‌ఫారం చివర మంచినీళ్ళ పంపు దగ్గర నిలబడి ఉంటాను. నన్ను చూస్తే అది పరుగెత్తుకుని వస్తుంది. రానియ్యి. అది నా దగ్గరికి చేరేదాకా నువ్వు వెనుకనే ఉండు, నా మొహం చూడకు.

దాన్ని ఎత్తుకున్నాక నేను నీకు ఏమీ చెప్పను. అక్కడి నుంచి నేను ఇంటి వైపు నడిస్తే సుగుణ దగ్గరికి పోదాము. నేరుగా రిక్షా పిలిస్తే దవాఖానకు అని అర్థం చేసుకో. జనంలో నన్ను అడగకు.

సాముకు రైలు కూత ఇంకా తెలుస్తుంది. కూత వినబడితే మెడ అటు వాల్చుతాడు. నువ్వు వచ్చే బండి కూత కూడా వాడే ముందు వింటాడు. అమ్మమ్మ వస్తోందని చెబుతాను.

వచ్చేటప్పుడు కొంచెం పాత చింతపండు, మన ఇంటి కారం తీసుకురా, ఇక్కడి కారంలో ఘాటు లేదు. నీ పాత చీరలు మెత్తనివి ఉంటే రెండు తీసుకురా, సాము కింద పరచడానికి. బరువైతే వద్దు, చేతులు ఖాళీగా ఉండటమే ముఖ్యం.

బావకు నా వందనాలు. పాస్టరు అయ్యగారికి వందనాలు చెప్పి, మా ఇంటి కోసం ప్రార్థించమని అడుగు. ఏ సంగతి కోసమని చెప్పవద్దు, దేవునికి తెలుసు. నీ కాళ్ళకు మొక్కి నీ దీవెన కోరుతున్నాను. ఈసారి ఆ దీవెన నాకు కాదు, రూతుకు ఇవ్వు.

నీ తోడబుట్టిన
యేసుదాసు

ఇది మడిచిపెట్టబోతుంటే సుగుణ వచ్చి, అమ్మకేనా ఉత్తరం, నా మాట ఒకటి రాయమని అడిగింది. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను: "అమ్మా, రూతుకు రోజు పాలు తాపు, గుడ్డు పెట్టు. దాని అన్నకు మూలుగ ఇచ్చేది అదే గద, దాని బొక్కలు గట్టిగ ఉండాలె. ఎండల ఆడనియ్యకు, కాలికి ముల్లు గుచ్చుకుంటది."